గిరీశం చెయ్యి ఎందుకు వాచింది? ఊసరవెల్లికి వచ్చే గౌట్ గురించి

హాస్టల్ గోడ మీద బల్లి రెట్ట ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? చూసే ఉంటారు, తుడుచుకునేది మనమే కదా. నల్లటి చిన్న ముక్క, దాని కొసకి సున్నం అంటినట్టు ఒక తెల్లటి చుక్క. నల్లది మలం. ఆ తెల్లది బల్లి మూత్రం. అవును, బల్లి మూత్రం గట్టిగా, ముద్దలా ఉంటుంది. ఈ వ్యాసంలో సగం ఆ తెల్ల చుక్క గురించే, కాబట్టి తినేటప్పుడు చదువుతుంటే పక్కన పెట్టేయండి.

ప్రోటీన్ అరిగాక మిగిలే నైట్రోజన్‌ని ఏదో ఒక రూపంలో బయటికి పంపాలి. మన శరీరం దాన్ని యూరియాగా మార్చి, నీళ్ళలో కరిగించి పంపిస్తుంది. దానికి బోలెడు నీళ్ళు కావాలి. బల్లులు, ఊసరవెల్లులు, చాలా పాములు, పక్షులు అంత నీళ్ళు ఖర్చు పెట్టుకోలేవు. అవి దాన్ని యూరిక్ ఆసిడ్‌గా మారుస్తాయి. యూరిక్ ఆసిడ్ నీళ్ళలో దాదాపు కరగదు, అందుకని ముద్దగా చేసి, నీళ్ళు వెనక్కి పీల్చుకుని, తెల్లగా బయట పడేస్తాయి. దీనికి ఇంకో లాభం ఉంది, నాకు భలే నచ్చింది. గుడ్డులో ఉన్న పిల్లకి బాత్రూమ్ లేదు. కరిగే చెత్త అయితే ఆ పిల్ల తన చెత్తలో తనే విషం ఎక్కి పోతుంది. కరగని చెత్త అయితే ఓ మూలన పేరుకుని ఉంటుంది, హాని చెయ్యదు.

చిక్కు కూడా అక్కడే. కరగని పదార్థం కాబట్టి, రక్తంలో కొంచెం ఎక్కువైతే చాలు, ఎక్కడ పడితే అక్కడ స్ఫటికాలుగా దిగిపోతుంది. మనిషి రక్తంలో అయితే డెసిలీటర్‌కి సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటాక ఈ ప్రమాదం మొదలవుతుంది. చల్లగా ఉన్నచోట ఇంకా తొందరగా దిగుతుంది, అందుకే మనుషుల్లో ముందు కాలి బొటనవేలు పట్టుకుంటుంది. సూదుల్లాంటి ఆ స్ఫటికాలు కీలులో గుచ్చుకుంటే వచ్చేదే గౌట్. మా తాతయ్యకి ఉంది. దుప్పటి తగిలినా అరుస్తారు.

ఊసరవెల్లి అరవదు.

గిరీశం మా పిన్ని వాళ్ళబ్బాయి పెంచుకుంటున్న ఊసరవెల్లి. వాళ్ళు ఉండేది టెక్సాస్‌లో. ఇది వెయిల్డ్ కెమీలియన్ అనే జాతి, సొంతూరు యెమెన్, సౌదీ నైరుతి కొండలు. అమెరికాలో పెంపకందారుల దగ్గరే పుట్టిన పిల్లల్ని అమ్ముతారు, కొనుక్కోవడం అక్కడ మామూలు. నెత్తి మీద పెద్ద కిరీటం లాంటి ఎముక ఉంటుంది. ఆ ఠీవి, ఆ రంగులు చూసి బాబాయి "కన్యాశుల్కం" గుర్తొచ్చి గిరీశం అని పేరు పెట్టారు. తమ్ముడికి ఆ నాటకం తెలీదు గానీ పేరు మాత్రం బాగా పలుకుతాడు. వయసు నాలుగేళ్ళకి కొంచెం తక్కువ. అక్టోబర్‌లో వాడు నాకు ఒక వీడియో పంపించి, "అక్కా, వీడు చెయ్యి సరిగ్గా పెట్టట్లేదు, చూడవా" అన్నాడు. నేను డాక్టర్‌ని కాదు, కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. ఇంట్లో డీబగ్గింగ్ వచ్చిన మనిషి నేనొక్కదాన్నే కాబట్టి నాకు పంపాడు. అప్పట్నుంచి నేను చదివినదీ, వాళ్ళ డాక్టర్ గారు చెప్పినదీ కలిపి రాస్తున్నాను.

ముందు ఊసరవెల్లి చెయ్యి ఎలా ఉంటుందో తెలియాలి. అయిదు వేళ్ళూ విడివిడిగా ఉండవు. ముందుకాళ్ళకి లోపలివైపు మూడు వేళ్ళు ఒక కట్ట, బయటివైపు రెండు వేళ్ళు ఒక కట్ట. వెనకకాళ్ళకి దీనికి తలకిందులు. అంటే ఒక్కో పాదం ఒక్కో పటకారు. గిన్నెని పటకారుతో పట్టుకున్నట్టు కొమ్మని పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పట్టు మీ వేలి మీద తెలుస్తుంది, గోళ్ళు దిగేలా పట్టుకుంటుంది. గౌట్ ముందు దెబ్బతీసేది ఈ పటకారునే.

వీడియోలో కనబడింది ఇదీ: కొమ్మ మారేటప్పుడు గిరీశం కుడి ముందుకాలి పాదంతో పట్టుకోవడం మానేసి, మోచేతిని కొమ్మ మీదుగా కొక్కెంలా వేస్తున్నాడు. బస్సులో రాడ్‌ని చేత్తో పట్టుకోకుండా ముంజేతితో చుట్టుకుని నిలబడతాం చూడండి, అలాగ. మణికట్టు దగ్గర వాపు తర్వాత కనబడింది. నా ఉద్దేశంలో వాపు కంటే నడకే ముందు చెప్తుంది, అందుకే ఫోటో కన్నా వీడియో విలువైంది. ఊసరవెల్లి వేటాడే జంతువే గానీ దాన్ని వేటాడేవీ చాలా ఉన్నాయి. జబ్బు బయటికి కనబడితే చచ్చినట్టే. అందుకని చివరిదాకా దాచుకుంటుంది. మనకి వాపు కనబడే సరికి లోపల కథ చాలా నడిచి ఉంటుంది.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. మణికట్టు, మోచెయ్యి, చీలమండ, వేళ్ళ కణుపుల దగ్గర గట్టి బుడిపెలు, ఒక్కోసారి చర్మం కింద తెల్లగా కనబడతాయి. పైకొమ్మలు ఎక్కకుండా కింద కూర్చోవడం. పగటిపూట కళ్ళు మూసుకోవడం, ఇది ఊసరవెల్లిలో ఎప్పుడూ మంచి సూచన కాదు, గౌట్ అయినా కాకపోయినా. తిండి తగ్గడం, బరువు తగ్గడం. రంగు ముదరడం కూడా ఉంటుంది గానీ దాని మీద ఆధారపడకండి. ఊసరవెల్లి చలేసినా నల్లబడుతుంది, కోపం వచ్చినా నల్లబడుతుంది. వెనక గోడని బట్టి రంగు మారుస్తుందన్నది మన సినిమా డైలాగుల్లో మాటే. నిజానికి వేడి, మూడ్, ఎదుటి ఊసరవెల్లి, వీటిని బట్టి మారుస్తుంది.

ఇక ఆ తెల్ల చుక్క. దాన్ని యూరేట్ అంటారు. తెల్లగా, తడిగా, మెత్తగా ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు. ఒక కొసన కొంచెం పసుపు ఉన్నా పర్వాలేదు. మొత్తం ముదురు నారింజ రంగులో, ఎండి సుద్దముక్కలా ఉంటే నీళ్ళు చాలట్లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఇవాళ యూరేట్ తెల్లగా ఉంది కాబట్టి గౌట్ లేదు అనుకోకూడదు. అది ఈ రెండు రోజుల నీళ్ళ లెక్క మాత్రమే. కీళ్ళలో పేరుకున్నది నెలల లెక్క.

వాచిన ప్రతి చెయ్యీ గౌట్ కాదు. ఇదే అసలు కష్టం. పెంపుడు ఊసరవెల్లుల్లో ఎక్కువగా వినబడే ఎముకల జబ్బు ఒకటుంది, కాల్షియమో, యూవీ-బీ వెలుగో చాలక ఎముకలు మెత్తబడిపోతాయి. అందులో వంకర ఎముక మధ్యలో వస్తుంది, దవడ రబ్బరులా అవుతుంది, పిల్లల్లోనూ గుడ్లు పెట్టే ఆడవాటిలోనూ ఎక్కువ. గౌట్‌లో ఎముక తిన్నగా ఉండి కీలు వాస్తుంది. తమ్ముడు మొదట ఈ ఎముకల జబ్బే అనుకుని కాల్షియం, డి3 పొడి రెట్టింపు చేద్దామా అన్నాడు. వద్దన్నాను. డి3 మితిమీరితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. గౌట్ అయ్యే అవకాశం ఉన్న జంతువులో మూత్రపిండాలు అప్పటికే నీరసంగా ఉండొచ్చు. తెలియని రోగానికి మందు రెట్టింపు చెయ్యడం, ఎర్రర్ మెసేజ్ చదవకుండా కోడ్ మార్చడం, రెండూ ఒకటే.

ఇంకొకటి చీముగడ్డ. గోరు విరిగి, సూక్ష్మక్రిములు చేరి కీలు వాస్తుంది. మనకైతే చీము కారుతుంది కాబట్టి తెలిసిపోతుంది. సరీసృపాల చీము కారదు! వాటి తెల్లరక్తకణాల్లో చీముని పలచన చేసే ఎంజైములు సరిపడా లేవు, అందుకని అది పనీర్ ముక్కలా గడ్డకట్టేస్తుంది. అంటే గౌట్ గడ్డ కోసినా తెల్లటి ముద్దే, చీముగడ్డ కోసినా తెల్లటి ముద్దే. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు. విరిగిన ఎముక, కణితి కూడా ఈ జాబితాలో ఉన్నాయి. అందుకే మేము "గౌట్ కావచ్చు" అనే మాట దాటి ఇంట్లో ముందుకి వెళ్ళలేదు.

పిన్ని మొదట వెనకాడింది. అక్కడ సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దొరకడం ఒక ఎత్తు, బిల్లు ఇంకో ఎత్తు. "బల్లికి ఎక్స్‌రే ఏమిట్రా" అంది. తమ్ముడు మాట్లాడలేదు. నేను ఆ రాత్రి వాళ్ళ వంటింటి త్రాసు మీద తూచిన బరువులన్నీ ఒక షీట్‌లో పెట్టి పంపించాను: ఆగస్టు మొదటి వారం 152 గ్రాములు, అక్టోబర్ మూడో వారం 138. తొమ్మిది శాతం పోయింది. 60 కిలోల మనిషి పదకొండు వారాల్లో అయిదున్నర కిలోలు తగ్గితే ఇంట్లో ఏం చేస్తాం? పిన్ని మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

డాక్టర్ గారు మూడు పరీక్షలు చేశారు. ఒక్కోటి ఎందుకో అర్థమైనాక నాకు చాలా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే ఏ ఒక్కటీ సొంతంగా సరిపోదు.

ఎక్స్‌రేలో యూరేట్ స్ఫటికాలు సరిగ్గా కనబడవు. కానీ కీలు అంచున ఎముక కొరికేసినట్టు అరిగి ఉంటే కనబడుతుంది, ఎముకలు పలచబడ్డాయో లేదో కూడా తెలుస్తుంది. గిరీశం ఎముకలు దట్టంగానే ఉన్నాయి. అంటే కాల్షియం జబ్బు వెనక్కి వెళ్ళింది.

రక్తం తోక అడుగు నరం నుంచి తీస్తారు. బరువులో ఒక శాతం లోపే తియ్యాలి, ఇంత ప్రాణిలో అది చాలా కొంచెం. మనకి చూసే యూరియా, క్రియాటినిన్ వీటిలో పెద్దగా ఏమీ చెప్పవు. యూరిక్ ఆసిడ్, కాల్షియం, ఫాస్ఫరస్ చూస్తారు. ఫాస్ఫరస్ కాల్షియం కంటే పైకి పోతే మూత్రపిండాల మీద అనుమానం. యూరిక్ ఆసిడ్ దగ్గర మళ్ళీ మెలిక. పురుగులు తినే జంతువుకి తిండి తిన్నాక అది మామూలుగానే పెరుగుతుంది, కాబట్టి చివరిసారి ఎప్పుడు తిన్నదో డాక్టర్‌కి చెప్పాలి. ఇంకోవైపు గౌట్ ఉన్నా రక్తంలో సంఖ్య మామూలుగా ఉండొచ్చు, ఎందుకంటే దిగాల్సింది కీళ్ళలో దిగిపోయింది. మూత్రపిండాలు చాలా భాగం పాడయ్యేదాకా ఈ సంఖ్య నోరు విప్పదు.

తేల్చేది మూడోది. సన్నటి సూదితో కీలు నుంచి చుక్క తీసి, సూక్ష్మదర్శినిలో పోలరైజ్డ్ వెలుగులో చూస్తారు. మన ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో ఉండేలాంటి ఫిల్టర్లే, రెండు అడ్డంగా పెడితే అంతా నల్లగా అవుతుంది. ఆ చీకట్లో యూరేట్ సూదులు మెరుస్తాయి. చీము అయితే సూదులుండవు, కణాలు, క్రిములు కనబడతాయి. గిరీశం చుక్కలో సూదులున్నాయి. (ఇందులో ఒక చిన్న విషయం: కండముక్కలు దాచే మామూలు ఫార్మలిన్‌లో నీళ్ళుంటాయి, యూరేట్ అందులో కరిగిపోతుంది. గౌట్ అనుమానం ఉంటే ఆల్కహాల్‌లో దాచాలి. లేదంటే సాక్ష్యం సీసాలోనే మాయం.)

ఎందుకొచ్చింది? నీళ్ళు చాలకపోవడం, ప్రోటీన్ ఎక్కువవడం, మూత్రపిండాల జబ్బు, విటమిన్ ఏ లోపం, మూత్రపిండాలకి పడని కొన్ని యాంటీబయాటిక్‌లు, జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి. సాధారణంగా రెండు మూడు కలుస్తాయి. గిరీశం తిండి రోజుకి ఏడెనిమిది సూపర్‌వర్మ్‌లు. వయసొచ్చిన మగ ఊసరవెల్లికి అది ఎక్కువే, రోజు విడిచి రోజు కొన్ని పురుగులు చాలు. కానీ నీళ్ళ సంగతే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆటోమేటిక్ మిస్టర్ ఉంది, టైమర్ ఉంది, రోజుకి నాలుగుసార్లు మోటార్ తిరుగుతోంది. వీడియో కాల్‌లో కూర్చుని, మోటార్ మోగుతుండగా ఫోన్‌ని పంజరం చుట్టూ తిప్పమన్నాను. రెండు నాజిల్స్‌లో ఆకుల వైపుది ఉప్పునీటి పొరతో మూసుకుపోయింది. రెండోది అద్దాన్ని తడుపుతోంది. క్రాన్ జాబ్ సక్సెస్ అని లాగ్‌లో పడుతోంది, అవుట్‌పుట్ ఫైల్ మాత్రం ఖాళీ. ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదు, మామూలుగా దానికి నిలవనీరు నీరుగానే తోచదు. ఆకు మీద మెరిసే బొట్టునే నాకుతుంది. కాబట్టి మోటార్ శబ్దం కాదు, ఆకు మీద బొట్టు చూడాలి. బొట్టు ఉన్నా చాలదు, అది నాకడం చూడాలి.

వైద్యంలో మొదటిది నీళ్ళే. డాక్టర్ చర్మం కింద ద్రవం ఎక్కించారు. నొప్పి మందు ఆ తర్వాతే. మెలాక్సికామ్ లాంటివి నీళ్ళు లేని శరీరంలో మూత్రపిండాలని ఇంకా దెబ్బతీస్తాయి. తర్వాత అల్లోప్యూరినాల్. తాతయ్య వేసుకునేది అదే. ఈ మందుని తయారుచేసినవాళ్ళలో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకి 1988లో నోబెల్ వచ్చింది. యూరిక్ ఆసిడ్ తయారుచేసే ఎంజైమ్ ఒకటుంది, జాంథిన్ ఆక్సిడేజ్. అల్లోప్యూరినాల్ చూడ్డానికి దాని ముడిసరుకులానే ఉంటుంది, వెళ్ళి ఆ ఎంజైమ్ సీట్లో కూర్చుంటుంది. కొత్త యూరిక్ ఆసిడ్ తగ్గుతుంది. పాతది మాత్రం అలాగే ఉంటుంది, కీళ్ళలో దిగింది ఒక పట్టాన పోదు. అందుకే ఈ మందు చాలావరకు జీవితాంతం.

మందు అదేగానీ తాతయ్య డబ్బాలోంచి తియ్యకూడదు. 100 మిల్లీగ్రాముల మాత్రని 138 గ్రాముల జంతువుకి ఇంట్లో చాకుతో కొయ్యడం కుదిరే పని కాదు, పైగా సరీసృపాల మోతాదు మన మోతాదుని బరువుతో భాగిస్తే వచ్చేది కాదు. వాళ్ళకి మందుల షాపులో బొట్లుగా వేసే ద్రవం కలిపి ఇచ్చారు. మోతాదు ఇక్కడ రాయను, కావాలనే.

ఇంట్లో చేసిన మార్పులు వైద్యమంత ముఖ్యం. నాజిల్స్ వెనిగర్‌తో కడిగి, పొద్దున్నే లైట్లు వెలగకముందూ, రాత్రీ ఎక్కువసేపు తడిపేలా పెట్టారు. పగలు ఒక డ్రిప్పర్, ఆకు మీద బొట్టుబొట్టుగా. సూపర్‌వర్మ్‌లు మానేసి, రోజు విడిచి రోజు నీరు ఎక్కువుండే హార్న్‌వర్మ్‌లు, పట్టుపురుగులు కొన్ని. పూర్తిగా పస్తు పెట్టకూడదు. తిండి లేకపోతే శరీరం సొంత కండనే అరగదీసుకుంటుంది, అదీ ప్రోటీనే, అందులోంచీ యూరిక్ ఆసిడే వస్తుంది. ఈ జాతి ఆకులూ తింటుంది కాబట్టి మందారం ఆకులు లేతవి పెడుతున్నారు. వెచ్చబడే కొమ్మ దగ్గర 29 నుంచి 30 డిగ్రీలు. బాగా చల్లబడితే మూత్రపిండాలు మందగిస్తాయి, స్ఫటికాలూ తొందరగా దిగుతాయి. నున్నటి కర్రలు తీసేసి, గరుకుగా, కొంచెం లావుగా ఉన్న కొమ్మలు అడ్డంగా, కిందకి కట్టారు. వేటాడనక్కర్లేకుండా తిండి కప్పులో. పంజరం అడుగున మెత్తటి తువ్వాలు, పడితే ఎముక విరగకుండా. చేతిలోకి తీసుకోవడం దాదాపు మానేశారు, అది తమ్ముడికే కష్టంగా ఉంది.

మన దగ్గర ఒక మాట. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటాం గానీ, అవి వేరు వేరు కుటుంబాలు, తొండ ఎంత ముదిరినా తొండే. మన పొలాల్లో, చిట్టడవుల్లో కనబడే భారతీయ ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉంది. పట్టుకుని పెంచడం నేరం. దెబ్బ తగిలి కనబడితే అటవీశాఖకి చెప్పాలి. ఇది చదివి ఎవరైనా పొలం నుంచి ఒకదాన్ని గదికి తెస్తే, పైన రాసిన అన్ని కారణాలూ దానికి వరసగా ఎదురవుతాయి.

ఇప్పుడు డిసెంబర్. గిరీశం 141 గ్రాములు. ఎడమ చెయ్యి గట్టిగా పడుతోంది. కుడిది ఇంకా కొక్కెమే, వాపు పెరగలేదు, తగ్గలేదు. డాక్టర్ గారు ముందే చెప్పారు, రెండో చెయ్యి కూడా పోయి, తిండి మానేసి, నొప్పి మందుకి లొంగకపోతే నిద్రపుచ్చడం గురించి మాట్లాడాల్సి వస్తుందని. పిన్ని ఆ మాట తమ్ముడి ముందే చెప్పనిచ్చింది. వాడు దాని గురించి నాతో ఒక్కసారే మాట్లాడాడు, అదీ షీట్‌లో కాలమ్ కలపమని అడగడానికి: నొప్పి మందు వేశాక ఎంతసేపటికి తనంతట తను కొమ్మ మారాడు. మొదటివారం సగటు మూడు గంటలు. ఈ వారం గంటన్నర. జనవరిలో మళ్ళీ రక్తపరీక్ష ఉంది, ముందురోజు తిండి పెట్టకూడదని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు.